తొంభై శాతం తుక్కు

మా సంస్థలో విమాన భాగాలు తయారవుతాయని గేటు మీద బోర్డు ఉంది. అది పూర్తిగా అబద్ధం కాదు. వంద కిలోల లోహం లోపలికి వస్తే అందులో పది కిలోలు విమాన భాగంగా, తొంభై కిలోలు తుక్కుగా బయటికి వెళతాయి. కాబట్టి మాది తుక్కు తయారు చేసే సంస్థ అనీ, ఆ సందట్లో విమాన భాగాలు కూడా కొన్ని పుడుతుంటాయనీ చెప్పుకోవడమే న్యాయం. ఇరవై రెండేళ్లుగా ఇక్కడి మీటింగులకు మినిట్స్ రాస్తున్నదాన్ని. ఊహించి చెప్పడం లేదు.

ఆ లోహం పేరు టైటానియం. గట్టితనంలో ఉక్కుకు తీసిపోదు, బరువులో ఉక్కుకు సగానికి కాస్త ఎక్కువ, ధరలో మాత్రం పెళ్లివారి గొంతెమ్మ కోరికలాంటిది. హెలికాప్టర్ ఇంజను పక్కన ఆ వేడికి తట్టుకుని నిలబడే చట్రాలు దీనితోనే చేస్తాం. నూట ఎనభై కిలోల దిమ్మను మిషన్ ఎక్కించి, తొమ్మిది రోజులు చెక్కి, చివరికి పద్దెనిమిది కిలోల చట్రం తీస్తారు. మిగతా నూట అరవై రెండు కిలోలు రజనుగా, సుడులు తిరిగిన చుట్టలుగా నేల మీద పడతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే తవ్విన మట్టిని ఎవరికి అప్పజెప్పాలో వాళ్లు చెప్పలేదు.

మావాళ్లు చెప్పారు. ఎప్పుడో కొంత తుక్కు మాయమైందట. కమిటీ వేశారు. ఆ కమిటీ ఏడాదిపాటు తూచి, ఇచ్చిన లోహంలో తొంభై శాతం తుక్కవుతున్నదని కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. 'ఇచ్చిన లోహములో తొంభై శాతము తుక్కుగా తిరిగి రావలెను. రానియెడల దొంగిలింపబడినట్లు భావించవలెను' అని నిబంధన రాసింది. దాన్ని కాపాడటానికి తుక్కు విభాగం పుట్టింది. నలభై ముగ్గురు సిబ్బంది, విడిగా భవనం, ఏటా వార్షికోత్సవం. చట్రాలు చేసే షెడ్డు వానాకాలంలో కారుతుంది. తుక్కు నిలవచేసే గది మాత్రం ఏసీ.

ఆ విభాగానికి ముఖ్యాధికారి త్రివిక్రమరావుగారు. ఆయన విమానాన్ని దగ్గరగా చూసినట్టు నాకు గుర్తు లేదు గానీ, టైటానియం చుట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, 'ఆహా' అనడం చాలాసార్లు చూశాను.

ఇలాంటి చోట సుంకోజు జనార్దనాచారి ముప్పై ఐదేళ్లు పనిచేశాడు. ఫోర్‌మన్. సిద్దిపేట వైపు మనిషి. తాతతండ్రులు కొలిమి దగ్గర నాగలి కర్రులు సాగదీసినవాళ్లు. లోహాన్ని ఇంతింత చెక్కి పారెయ్యడం చూస్తే ఆయనకు అన్నం పారబోసినంత బాధ. రిటైర్మెంటుకు పధ్నాలుగు నెలలుందనగా ఒక పని చేశాడు. రెండు పలచని టైటానియం రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అచ్చులో బిగించి, తొమ్మిది వందల డిగ్రీల కొలిమిలోకి తోశాడు. ఆ వేడికి టైటానియం పిండి ముద్దలా మెత్తబడుతుంది. అప్పుడు రేకుల మధ్యకు మెల్లగా గ్యాస్ ఊదాడు. ఆనుకున్నచోట రెండు రేకులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మిగతాచోట ఉబ్బి అచ్చుకు అతుక్కున్నాయి. అతుకు లేదు, బోల్టు లేదు. నాలుగు గంటల్లో చట్రం తయారు.

"ఏం లేదమ్మా, పూరీ పొంగినట్టే," అన్నాడు నాతో. "కాకపోతే నూనె లేదు, గంతే."

పదమూడు కిలోల రేకు తీసుకుంటే పన్నెండు కిలోల చట్రం వచ్చింది. అంచులు కత్తిరించిన తుక్కు ఒక్క కిలో. పాత చట్రం కంటే ఆరు కిలోలు తేలిక. విమానాల భద్రతా కార్యాలయం ఇన్‌స్పెక్టర్లు వచ్చి చట్రాన్ని వంచారు, కాల్చారు, ఊపారు, ఎక్స్‌రే తీశారు. పాతదానికన్నా గట్టిగా ఉందని ముద్ర కొట్టి వెళ్లారు. వాళ్లది వేరే కార్యాలయం కాబట్టి పని తొందరగా అయింది.

జనరల్ మేనేజర్ లీలాధర్‌గారు పొంగిపోయారు. అది బరువు తగ్గింపు వారోత్సవం జరుగుతున్న వారం. "వ్యయ నియంత్రణ మన శ్వాస, భార నియంత్రణ మన ధ్యాస," అని స్టేజీ మీద ప్రకటించి, చారిగారికి శాలువా కప్పారు. ఒక హెలికాప్టర్‌కు సరిపడా ఎనిమిది చట్రాలు వెంటనే చేయమని ఆర్డరిచ్చారు.

ఆ హెలికాప్టర్ ఎయిర్ అంబులెన్సు. గోదావరి అవతల కొండల్లో, రోడ్డు లేని గూడేల నుంచి రోగులను తెచ్చేది. దాని పైలట్ కెప్టెన్ సోయం. తనూ ఆ కొండల్లో పుట్టినవాడే. చట్రాలు ఎలా అవుతున్నాయో చూడటానికి ఒకరోజు వచ్చి, షెడ్డులో చారిగారి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. లెక్క రాసుకోవడానికి నేనూ ఉన్నాను.

"ఒక్కోదానికి ఆరు కిలోలంటే, ఎనిమిదింటికి నలభై ఎనిమిది కిలోలు తగ్గుద్దండి," అన్నాడు. "నలభై ఎనిమిది కిలోలంటే మా వైపు ఒక తల్లి."

మాకు అర్థం కాలేదు.

"ఎండాకాలం, కొండ మీది నుంచి లేవాలంటే బరువు లెక్క చూసుకోవాలి కదండీ. పేషెంటు ఎక్కాలి, డాక్టరు ఎక్కాలి, ఆక్సిజన్ ఎక్కాలి. తల్లికి చోటుంటది గానీ బరువు కుదరదు. దింపేస్తాం. మొన్న ఆరేళ్ల పిల్లని తెచ్చాను. దారి పొడుగునా వాళ్లమ్మని పిలుస్తానే ఉంది. డాక్టరుగారికి మా కొండ భాష రాదు. నాకొచ్చు. కానీ నేను నడుపుతున్నానాయె."

చారిగారు లేచి కొలిమి దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కునుకు మానేశాడు. నెలలో పూర్తవుతాయన్న ఎనిమిది చట్రాలు పదహారు రోజుల్లో పూర్తయ్యాయి. భద్రతా కార్యాలయం వాళ్లు ఎనిమిదింటికీ ముద్రలు కొట్టి, సర్టిఫికెట్లు నేరుగా అంబులెన్సు సర్వీసుకు పంపించారు.

పదిహేడో రోజు ఉదయం తుక్కు విభాగం నుంచి మెమో వచ్చింది. 'తమకు ఇచ్చిన లోహము నూట నాలుగు కిలోలు. నిబంధన ప్రకారము తిరిగి రావలసిన తుక్కు తొంభై మూడు కిలోల ఆరు వందల గ్రాములు. వచ్చినది ఎనిమిది కిలోలు. మిగతా ఎనభై అయిదు కిలోల ఆరు వందల గ్రాములు ఎక్కడ దాచితిరో ఇరవై నాలుగు గంటలలో తెలుపవలెను.'

చారిగారు ఆ కాగితం పట్టుకుని త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్లాడు. కబురొస్తే మినిట్స్ పుస్తకంతో నేనూ వెళ్లాను.

"సారూ, తుక్కు పుట్టనే లేదు. పుట్టనిదాన్ని యాడికెళ్లి తేవాలె?"

"చారిగారూ, భావోద్వేగాలకు తావివ్వకండి," అన్నారు త్రివిక్రమరావుగారు. "తుక్కు పుట్టలేదనడం మీ వ్యక్తిగత అభిప్రాయం. తొంభై శాతం పుట్టిందనడం నిబంధన."

"మరి నూట నాలుగు కిలోలల్ల తొంభై మూడున్నర తుక్కైతే, గీ తొంభై ఆరు కిలోల చట్రాలు దేంతోని జేసిన్న?"

త్రివిక్రమరావుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నేను చూశాను. తరువాత నా వైపు తిరిగి, "రాసుకోండి హైమవతిగారూ. నిందితుడు అనుమతి లేని లోహాన్ని బయటి నుంచి తెచ్చి చట్రాలు చేసి ఉండే అవకాశం కూడా విచారణలోకి తీసుకోబడుతుంది," అన్నారు.

అలా ఒక నేరం రెండయింది.

మర్నాడు విజిలెన్సు వాళ్లు చారిగారి ఇంటికి వెళ్లారు. రెండు గదుల క్వార్టరు. అరల్లో, పరుపు కింద, బియ్యం డబ్బాలో టైటానియం వెతికారు. దొరికినవి: ఒక సుత్తి, తాత ఇచ్చిన రాగి ఉంగరం, స్టేజీ మీద కప్పిన శాలువా. సుత్తి సంస్థదేనేమో తేల్చాలని పట్టుకుపోయారు. చారిగారి భార్య విజయమ్మ వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు అంతా చూస్తుండగా, "ముప్పై ఐదేండ్లు గా కొలిమి కాడ్నే కాలిండు. ఇంకేం దొంగతనం మిగిలింది నాయనా గాయనకు?" అని అడిగింది. జవాబివ్వడానికి వాళ్ల ఫారంలో గడి లేదు.

చారిగారిని సస్పెండ్ చేశారు. చట్రాలను స్టోరులో పెట్టి తాళం వేశారు. దీనికి పరిష్కారం చూడటానికి పదకొండు మందితో కమిటీ వేశారు. కమిటీ మొదటి సమావేశంలో లీలాధర్‌గారు గంభీరంగా అన్నారు: "చారి ప్రతిభ పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ప్రతిభ వేరు, తుక్కు వేరు. ఒకదాని పేరుతో మరొకదాన్ని నిర్లక్ష్యం చేయలేం."

లోటును ఎలా పూడ్చాలన్నది ప్రశ్న. బజారులో టైటానియం తుక్కు కొని తెద్దామని ఒకరన్నారు. బయటి తుక్కు మా తుక్కంత నాణ్యంగా ఉండదని త్రివిక్రమరావుగారు నొచ్చుకున్నారు. కొత్త దిమ్మ ఒకటి చెక్కి పారేద్దామని ఇంకొకరన్నారు. కొత్త దిమ్మ తీస్తే దానికీ తొంభై శాతం లెక్క చెప్పాలి కాబట్టి లోటు అలాగే ఉంటుందని తేలింది. చివరికి ప్లానింగు విభాగం అధికారి లేచి, కాగితం మీద లెక్క వేసి చూపించాడు.

"సర్, ఒక్కో చట్రం పన్నెండు కిలోలు. ఏడు చట్రాలను మిషన్ మీద రజను కొట్టిస్తే ఎనభై నాలుగు కిలోలు. ఇంకా కిలో ఆరు వందల గ్రాములు కావాలి. ఎనిమిదో చట్రానికి ఒక మూల కోస్తే అదీ వచ్చేస్తుంది. లెక్క గ్రాము తేడా లేకుండా సరిపోతుంది."

లీలాధర్‌గారు కాగితం దగ్గరికి లాక్కున్నారు. "అప్పుడు ఎనిమిదో చట్రం బరువెంత?"

"పది కిలోల నాలుగు వందలు సర్."

"పన్నెండు నుంచి పదిన్నర లోపుకు!" ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే ఇంకా తగ్గించామన్నమాట! చారి చేయలేనిది కమిటీ చేసింది. దీన్ని ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో అద్దాల పెట్టెలో పెడదాం."

మూల లేని చట్రం ఇంజను పక్కన నిలబడుతుందా అని ఎవరూ అడగలేదు. నేను అడగలేదు. మినిట్స్ రాసేవాళ్లు మాట్లాడకూడదని రూలుంది. ఆ మాట వెనక ఇన్నేళ్లు దాక్కున్నానని ఆ రోజు నా పెన్ను కదలనప్పుడు తెలిసింది. 'ఏకగ్రీవంగా ఆమోదించబడినది' అన్న మాట రాయడానికి చాలా సేపు పట్టింది. సోమవారం ఉదయం చట్రాలు కోయాలని నిర్ణయం.

శుక్రవారం మధ్యాహ్నం కెప్టెన్ సోయం లారీ తీసుకుని చట్రాల కోసం వచ్చాడు. గేటు దగ్గర ఆపేశారు. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద చారిగారు కూర్చుని ఉన్నాడు. సస్పెండైన మనిషి రోజూ తొమ్మిదింటికి వచ్చి గేటు బయట సంతకం పెట్టి పోవాలి. పెట్టాక ఆయన ఇంటికి వెళ్లేవాడు కాదు. నేను బయటికి వెళ్లి ఇద్దరికీ కమిటీ నిర్ణయం చెప్పాను.

చారిగారు గ్లాసు కింద పెట్టాడు. "నేనే దొంగిలించిన్నని రాసిస్త. ఎనభై ఐదు కిలోలు, ఆరు నూర్ల గ్రాములు. అమ్ముకుని తిన్నా అంట. పెన్షన్ పోతే పోయె. చట్రాలు ఇచ్చెయ్యమను."

"అలా చేసినా ఇవ్వరు చారిగారూ," అన్నాను. "నిన్న లా ఆఫీసరు చెప్పాడు. దొంగతనం రుజువైతే చట్రాలు కేసు సొత్తు. కేసు తేలేదాకా సీలేసి ఉంచాలి. మన కోర్టుల్లో ఎన్నేళ్లో మీకు తెలుసు."

"అయితే ఎట్లజేద్దమంటరు మరి?" అని కేకేశాడు. ఇరవై రెండేళ్లలో ఆయన గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదలు. టీ కొట్టతను స్టవ్ తగ్గించాడు.

నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "వాళ్లకు కావలసింది తుక్కు. చట్రాలను తుక్కు అని రాద్దాం."

ఇద్దరూ నా వైపు చూశారు.

"కోయనక్కర్లేదు. చేసిన మనిషి 'ఇవి పనికిరావు, తుక్కు' అని సంతకం పెట్టి అప్పజెపితే తుక్కు విభాగం తీసుకోవాలి. రూలు అంతే. ఎనిమిది కిలోలు ఇప్పటికే ఉంది, ఈ తొంభై ఆరూ కలిస్తే నూట నాలుగు. ఇచ్చిందంతా తిరిగొచ్చినట్టే. దొంగతనం లేదు, కేసు లేదు. ఇంకో ప్రభుత్వ శాఖ అడిగితే తుక్కును ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యవచ్చు. ఆ ఉత్తర్వులు టైపు చేసింది నేనే. అంబులెన్సు సర్వీసు ప్రభుత్వ శాఖే కదా. సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉన్నాయి కదా కెప్టెన్‌గారూ?"

"ఉన్నాయండి. ఎనిమిదికి ఎనిమిదీ," అన్నాడు సోయం.

చారిగారు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వేళ్ల కణుపుల మీద పాత కాలిన మచ్చలు. "దొంగ అన్నరు, ఓర్సుకున్న," అన్నాడు. "గని హైమమ్మా, నా చేతితోని ఇంత సక్కటి పని ఎన్నడు కాలే. గది తుక్కని నా చేతితోనే రాయమంటవా?"

నేను తల దించుకున్నాను. సోయం బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఓదార్చలేదు, బతిమాలలేదు. "కొండల నుంచి వారానికి రెండుసార్లు పిలుపొస్తదండి చాచా," అన్నాడు. "ఈ నెల పిలిచినప్పుడల్లా నేను ఒక్కరిని దింపేసి వస్తున్నా."

చారిగారు నా దగ్గర పెన్ను తీసుకున్నాడు. నేను లోపలికెళ్లి తుక్కు అప్పగింత ఫారాలు తెచ్చాను. 'పనికిరానిది' అన్నచోట ఎనిమిదిసార్లు సంతకం పెట్టాడు. ఎనిమిదో సంతకం దగ్గర కాగితం చిరిగింది.

సోమవారం కోయడానికి మిషన్ సిద్ధం చేసుకుంటున్న సమయానికి ఆ ఫారాలు త్రివిక్రమరావుగారి బల్ల మీదికి చేరాయి. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. మెల్లగా లేచి నిలబడ్డారు.

"నూట నాలుగుకు నూట నాలుగు," అన్నారు. "హైమవతిగారూ, నూటికి నూరు శాతం తుక్కు! ఈ సంస్థ చరిత్రలో... కాదు, ఈ దేశంలో ఎక్కడా..." ఆయన పూర్తి చేయలేకపోయారు.

మధ్యాహ్నానికి సస్పెన్షన్ ఎత్తేశారు. సుత్తి తిరిగి ఇచ్చారు. అంబులెన్సు సర్వీసు అడిగిన తుక్కును ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఎగిరే వస్తువు గేటు దాటాలంటే పంతొమ్మిది సంతకాలు కావాలి, తుక్కు దాటాలంటే ఒకటి చాలు. మంగళవారం సోయం లారీ వెళ్లిపోయింది.

తయారీ విభాగం ఈ వ్యవహారం మీద తుది నివేదిక రాసింది. 'పూరీ పద్ధతి' అని పేరు పెట్టి, 'ఈ పద్ధతిలో నూటికి నూరు శాతము తుక్కే వచ్చుచున్నందున, ఉపయోగకరమైన ఉత్పత్తి సున్నా అయినందున, దీనిని నిషేధించడమైనది' అని తేల్చింది. చట్రాలు మళ్లీ దిమ్మల నుంచే, తొమ్మిది రోజులు చెక్కి, పద్దెనిమిది కిలోలుగా రాసాగాయి. లీలాధర్‌గారు మాత్రం అంబులెన్సుకు తక్కువ ధరలో టైటానియం అందించినందుకు వ్యయ నియంత్రణ పతకం అందుకున్నారు.

కథ ఇక్కడితో ముగిసి ఉండేదే. కానీ త్రివిక్రమరావుగారికి నూరు శాతం రుచి తగిలింది. తరువాతి నెల దిమ్మల తుక్కు మళ్లీ తొంభై శాతానికి పడిపోయేసరికి ఆయనకు నిద్ర పట్టలేదు. చారిగారిని పిలిపించారు.

"ఆ నూరు శాతం మళ్లీ సాధించగలరా?"

చారిగారు నా వైపు ఒక్కసారి చూశాడు. "సాధిస్త సారూ. గని కొలిమి గావాలె. ఇద్దరు మనుషులు గావాలె. ఎవ్వరు మధ్యల రావొద్దు."

"తయారీలోనే నిషేధం. తుక్కుకు కాదు," అన్నారు త్రివిక్రమరావుగారు. వారంలో ఉత్తర్వు వచ్చింది. చారిగారు తుక్కు విభాగానికి బదిలీ అయ్యాడు. ఏసీ భవనంలో కొలిమి పెట్టారు. నెలకు నూట నాలుగు కిలోల రేకు ఇచ్చి, మొత్తం తుక్కు చేయమని లక్ష్యం విధించారు. ఆయన నెలకు ఎనిమిది చట్రాలు ఊది, భద్రతా కార్యాలయం ముద్రలు కొట్టించి, తుక్కు అని సంతకం పెట్టి, ఒక్క సంతకంతో గేటు దాటించాడు. పదినెలలు. వరద సహాయానికి వెళ్లే హెలికాప్టర్లు, అడవి మంటలార్పేవి, అన్నీ మా తుక్కు కోసం ఉత్తరాలు రాయసాగాయి. తయారీ విభాగం చట్రాలు ఇప్పటికీ స్టోరులో పదకొండో సంతకం దగ్గర ఆగి ఉన్నాయి.

ఒక సాయంత్రం సోయం ఫోన్ చేశాడు. చారిగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. అవతల ఎవరో ఆడమనిషి, తెలియని భాషలో, ఆగకుండా ఏదో చెబుతోంది. "ఏమంటున్నదో అర్థం కాలే," అన్నాడు ఫోన్ పెట్టాక. "గని పక్కన పిల్ల నవ్వుడు ఇనబడ్డది."

రిటైరైన రోజు సన్మానం తుక్కు విభాగం హాల్లో. లీలాధర్‌గారు అధ్యక్షత. త్రివిక్రమరావుగారు, "చారిగారు ముట్టుకున్నదల్లా తుక్కయింది. ఇలాంటి కార్మికుడు మళ్లీ పుట్టడు," అని ప్రశంసాపత్రం చదివి, చేతిలో పెట్టారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. విజయమ్మ ముందు వరసలో కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చారిగారిని మాట్లాడమన్నారు. ఆయన మైకు దగ్గరికి వెళ్లాడు.

"నా చేతితోని మొత్తం ఎనభై ఎనిమిది తుక్కులు జేసిన," అన్నాడు. "అన్నీ మీదనే ఎగురుతున్నయి సారూ. ఒక్కటి గూడ కింద పడలే."